నల్లరాతి కుర్చీ

ఇంకో గంటలో మా అమ్మాయి షిఫా వస్తుంది, వాళ్ళమ్మను కారెక్కించుకుని అడిలైడ్ పోతుంది, నేను మాత్రం ఈ లోయకు చేపలు పట్టడానికే వచ్చాను, ఎవరినీ సాగనంపడానికి రాలేదు. ఆ ముక్క అందరికీ తెలియాలనే పొద్దున గాలం కర్రను డిక్కీలో వేయకుండా కారు టాపు మీద కట్టాను. అందరూ అంటే ఎవరున్నారు, షిఫా వాళ్ళమ్మ ఒక్కతే, అంటే నా భార్య, ఆమె కర్రవైపు కన్నెత్తి చూడలేదు. పెద్ద సూట్‌కేసును డిక్కీలో పెట్టించింది. పెట్టించిందంటే నాతో చెప్పలేదు, డిక్కీతో చెప్పింది, ఈ పెట్టె ఇందులోకి ఎక్కితే బాగుండు అని. నేనే ఎక్కించాను, డిక్కీకి చేతుల్లేవు కదా. మేము ఇండియా నుంచి వచ్చినప్పుడు తెచ్చుకున్న పెట్టె అది. ఒక నెల అమ్మాయి దగ్గర ఉండి వస్తానని ఆమె పొయ్యితో చెబుతుంటే విన్నాను. నెలకు అంత పెట్టె ఎవరు తీసుకుపోతారు? చలికాలం కప్పుకునే రగ్గు కూడా అందులోకి పోవడం నా కళ్ళతో చూశాను, ఇప్పుడేమో నవంబరు, ఈ దేశంలో ముందున్నదంతా ఎండాకాలం. షిఫా అక్కడ మాసన్ లేక్స్‌లో యూనికి, అంటే యూనివర్సిటీకి, పోతుంది, వాళ్ళమ్మ కోసం దగ్గర్లోనే చైల్డ్‌కేర్‌లో ఏదో పని కూడా చూసిపెట్టిందట. మెల్‌బోర్న్ పక్కన మేముండే వెర్రిబీ నుంచి అడిలైడ్ పోయే దారిలో సగానికి అటూ ఇటూగా ఈ లోయ ఉంది, అక్కడ కలుద్దామని తల్లీకూతుళ్ళు ఫోన్‌లో తీర్మానించుకున్నారు. పెళ్ళికూతుర్ని అప్పగించడం చూశాను, అప్పగింతల్లో ఏడ్చాను కూడా, కానీ కూతురికి తల్లిని అప్పగించే తంతు ఈ దేశంలోనే చూస్తున్నాను. పైగా ఈ ఏట్లో ఏదో నీలిరంగు లకుముకి పిట్ట ఉందట, పోయేలోగా దాన్ని చూసిపోవాలట. మొగుణ్ణి కాదు, పిట్టను.

కార్ పార్కులో ఒక బోర్డు ఉంది. ఏడో తరగతి దాటని నాకు ఇంగ్లీషు చదవడం నిదానం, అయినా చదివాను, వేరే పనేముంది. వేల ఏళ్ళ కిందట ఇక్కడ కొండ పగిలి నిప్పు పారిందట, ఆ నిప్పే చల్లారి ఈ నల్లరాళ్ళయిందట, తర్వాత ఏరు వాటి మధ్య మెల్లగా దారి చేసుకుందట. ఒకసారి మండిపడి, కడుపులో ఉన్నదంతా కక్కేసి, ఆ తర్వాత వేల ఏళ్ళు నోరు తెరవకుండా కూర్చోవడం. ఇందులో బోర్డు పెట్టేంత వింతేముందో నాకర్థం కాలేదు, మా ఇంట్లో ఇది ఆగస్టులో జరిగింది. రాళ్ళు మాత్రం బాగున్నాయి. నిండా చిల్లులు, పాతబడ్డ ఫోమ్ లాగా. ఏటి గట్టున ఒక రాయి వెనక వాలుగా, అటూ ఇటూ చేతులు ఆనించుకోవడానికి ఒక్కో దిమ్మెతో, అచ్చం రిక్లైనర్ మాదిరి ఉంది. సోఫాలకు, కారు సీట్లకు గుడ్డ తొడిగి తొడిగి ముసలివాణ్ణవుతున్నవాణ్ణి, ఏది కూర్చోదగిందో చూపుతోనే తెలిసిపోతుంది. వానపామును గాలానికి గుచ్చి నీళ్ళలోకి విసిరి ఆ రాతిలో కూర్చున్నాను. ఆమె నాకు కాస్త దిగువన, ఒడ్డున వంగిన చెట్టు కింద, చిన్న మడత స్టూల్ మీద, నావైపు వీపు పెట్టి, కళ్ళకు బైనాక్యులర్స్ పెట్టుకుని కూర్చుంది. ఆ వీపు నాకు బాగా తెలుసు. మూడు నెలలుగా నాతో మాట్లాడుతున్నది అదే.

కుర్చీ, అంతా ఆ కుర్చీ వల్ల. మేము వచ్చిన మొదటి చలికాలం, ఇంట్లో చాప కూడా లేదు, ఏడాదికోసారి కౌన్సిల్ వాళ్ళ, అంటే ఇక్కడి మునిసిపాలిటీ వాళ్ళ, లారీ వచ్చి పాత సామాను ఎత్తుకుపోయే వారంలో జనం ఇళ్ళముందు పడేసిన వాటిలో ఒక రిక్లైనర్ కనబడింది. మంచం, బల్ల, టీవీ, ఇక్కడికొచ్చిన మనవాళ్ళ మొదటి కాపురమంతా ఆ లారీ కంటే ముందు పరిగెత్తి తెచ్చుకున్నదే, ఇప్పుడు పెద్ద ఇళ్ళు కట్టాక ఎవడూ ఒప్పుకోడు. నేను కుర్చీని నెత్తిన పెట్టుకున్నాను, దాని కాళ్ళపలక ఊడిపోతే షిఫా వాళ్ళమ్మ చంకలో పెట్టుకుని వెనకాల నడిచింది. ఎండిపోయిన ఫోమ్ పీకేసి, ఆమె పుట్టింటివాళ్ళు పెళ్ళికిచ్చిన బొంతను విప్పి, ఆ దూదిని మళ్ళీ ఏకి కుర్చీలో కూరాను. మేము దూదేకులవాళ్ళం. ప్రొద్దుటూరులో మా నాయన భుజాన విల్లు వేసుకుని వీధి వీధీ తిరిగి దూది ఏకేవాడు, ఆయన వెనకాల 'పరుపులు కుట్టాలా, పరుపులూ' అని కేకేయడానికి నన్ను బడి మాన్పించాడు. నా గొంతుకు రెండే మెట్లు మిగిలాయి, వీధి కేక ఒకటి, నోరు మూసుకోవడం ఒకటి. ఏం చెబుతున్నాను, కుర్చీ. ఈ దేశంలో దూది కూర్చిన కుర్చీ ఇంకొకటి ఉంటే చూపించమనండి. సోఫాలు బాగుచేసే నా షాపు మూసేశాక, మూసేశాక అంటే పెట్టెలో మడతపెట్టి అమ్మే సోఫాలు వచ్చి నా షాపును కూడా మడతపెట్టాక, నేను కాస్త ఆ కుర్చీలో కూర్చున్నాను. పొద్దున కూర్చుంటే తప్పా, మధ్యాహ్నం కూర్చుంటే తప్పా, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయిని రెండు మాటలంటే తప్పా. ఆగస్టులో కౌన్సిల్ వారం వచ్చింది. నేను జుమ్మా నమాజుకు పోయి వచ్చేసరికి హాల్లో నాలుగు కాళ్ళ గుర్తులే ఉన్నాయి, కుర్చీ లేదు.

బయటికి పరిగెత్తాను. లారీ రాలేదు, కుర్చీ పోయింది. ఎవరో ఎత్తుకుపోయారు. 'ఏమే, నా కుర్చీ యాడ?' అని అడిగాను, వీధి కేకతోనే అడిగాను. 'మనిషిని మింగుతా ఉంటే బయటేసినా' అన్నది. 'ఒకటి పారేయాల అనుకున్నా, కుర్చీనా, అందులో ఉండేదా అని. నీ అదృష్టం, నువ్వు మసీదుకు పోయినావు' అన్నది. ఇంకా చాలా అన్నది, కొండ పగిలింది. అంతే, ఆ తర్వాత ఏరు పారలేదు. పుట్టింటి దూదిని వీధిలో పారేసింది తను, అలిగింది కూడా తనే, పడాల్సింది నేను. షిఫా సెలవులకు వచ్చి ఉన్నన్నాళ్ళూ మధ్యలో మాట మోసేది, 'మీ నాయన తింటాడేమో అడుగు', 'మీ అమ్మను ఉప్పెందుకు లేదో అడుగు', అది మాత్రం ఫోన్ చూసుకుంటూనే 'డాడ్, మమ్ సేస్ ఈట్' అని రెండు ముక్కల్లో అవతల పడేసేది. అది మళ్ళీ యూనికి పోయాక మాకు వస్తువులే మిగిలాయి. 'ఈ గిన్నెలో చిత్రాన్నం ఉంది, ఆకలైనోళ్ళు తినొచ్చు' అని ఆమె ఫ్రిజ్‌తో అంటుంది. 'ఈ చిత్రాన్నంలో ఇంత నిమ్మకాయ ఎవరు పిండినారో' అని నేను గిన్నెతో అంటాను. ఈ పొద్దున కారులో మూడు గంటలకు పైగా వచ్చాం, దారి చెప్పే ఫోన్‌లోని ఆమె ఒక్కతే మాట్లాడింది. 'ఎడమకు తిరగండి' అన్నదామె. 'చూసినావామ్మా' అని షిఫా వాళ్ళమ్మ ఫోన్‌తో అన్నది, 'నువ్వెంత చెప్పినా నేరుగా పోయేవాళ్ళు నేరుగానే పోతారు.' నేను నేరుగానే పోయాను. 'వీలున్నచోట వెనక్కి తిరగండి' అన్నది ఫోన్. మా ఇద్దరికీ అంత మర్యాదగా చెప్పేవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు.

నీళ్ళమీద గాలం బెండు కదలడం లేదు. ఈ చేపలకు కూడా నా సంగతి ఎవరో చెప్పి ఉంటారు. చేపలు పట్టడానికి ఇక్కడ లైసెన్సు తీసుకోవాలి, మా ఊరి కేసీ కాలవలో గోచీ కట్టుకుని తుండుగుడ్డతో పట్టినవాణ్ణి లైసెన్సు అడిగారు. పిట్టల్ని చూడ్డానికి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు, అందుకే ఆ జబ్బు ఊరంతా పాకింది. ఎక్కడ మొదలైందో చెబితే నవ్వుతారు. మా వెర్రిబీలో మెల్‌బోర్న్ మురుగంతా వచ్చి చేరే మడుగులున్నాయి, ఆ మడుగుల మీద వాలే పిట్టల్ని చూడ్డానికి ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వస్తారు, నేనేమో ఇన్నేళ్ళూ అటువైపు పోతే కారు అద్దాలు ఎక్కించుకునేవాణ్ణి. మా వీధి చివర ఉండే లీల గారు ఒక ఆదివారం షిఫా వాళ్ళమ్మను అక్కడికి తీసుకుపోయింది. ముక్కు మూసుకుని వస్తుందనుకున్నాను, వెలిగిపోతున్న ముఖంతో వచ్చింది. ఆ ముఖం, ఆ ముఖాన్ని నేను అప్పటికి చూసి ఏళ్ళయింది, మా కొత్తలో మసీదు వీధిలో ఐస్‌పుల్ల తింటున్నప్పుడు ఉండేది. మురుగు మడుగు ఇచ్చిన వెలుగు నా కాపురం ఇవ్వలేకపోయిందన్నమాట.

లీల గారి భర్త శ్రీపతి గారి సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం నెత్తికెక్కుతుంది. ఆయన విజయవాడ మనిషి, ఏదో బ్యాంకులో కంప్యూటర్లకు పెద్ద. కుర్చీ పోయిన రెండు వారాలకు ఫోన్ చేశాడు. 'దస్తగిరి గారూ, ఈ ఆర్వో ఫ్రీయేనా అండీ, చిన్న పనుంది' అన్నాడు. ఇక్కడివాళ్ళు మధ్యాహ్నాన్ని ఆర్వో అంటారు, శ్రీపతి గారు వాళ్ళకంటే ఎక్కువసార్లు అంటాడు. పోయాను. గరాజ్ తలుపు పైకి లేచింది. మధ్యలో నా కుర్చీ. పక్కన చిన్న దీపం, కిందొక తివాచీ, దర్బారు పెట్టాడు దానికి. 'చూశారా అండీ, ఎంత లక్షణంగా ఉందో! ఎవరో బుద్ధిలేనోళ్ళు రోడ్డు మీద పారేశారు. కూర్చుంటే మేఘం మీద ఉన్నట్టే. లోపల ఏం పెట్టారో కానీ అండీ, టోటల్లీ డిఫరెంట్. ఇదిగో ఈ పక్కన కుట్టు వదిలింది, వేసిపెడతారా?' అన్నాడు. నేను ఏం చేయాలి? ఇది నాది అంటే, మరి రోడ్డు మీదికెలా వచ్చిందంటాడు, మా ఆవిడ పారేసిందంటే, ఎందుకంటాడు, ఆ జవాబు లీల గారికి చేరుతుంది, లీల గారి నుంచి వెర్రిబీ మొత్తానికి. వంకర సూది తీసి కుట్టాను. కుట్టు కనబడకుండా కుట్టాను, నా కుర్చీకి వంకర కుట్టు వేయడం నా చేతులకు రాదు. 'కూర్చుని చూడండి ఒకసారి, మొహమాటపడకండి' అన్నాడు. కూర్చున్నాను. వీపు కింద నా గుంట నాకోసం అలాగే ఉంది. 'లేవండిక' అనేదాకా లేవలేదు.

టంగ్. ఏటి అవతల రెల్లులోంచి మళ్ళీ టంగ్. కప్ప అది, వాన పడితే మా వెర్రిబీ కాలువల్లో కూడా అరుస్తుంది, బిగించిన తీగను వేలితో లాగి వదిలినట్టు. ఇక్కడి పిల్లలు బ్యాంజో అంటారు. బ్యాంజో కాదు, మా నాయన. పొద్దున్నే వాకిట్లో కూర్చుని విల్లు నారిని కొయ్యతో కొడితే ఇదే చప్పుడు, టంగ్, టంగ్, గడ్డకట్టిన పాత దూది పొరలు పొరలుగా విడిపోయి తెల్లగా లేచేది. ఎంత పాత బొంతయినా రెండు వానాకాలాలకోసారి విప్పి ఏకాలి, లేకపోతే లోపలి దూది రాయవుతుంది అనేవాడు. అందరి బొంతలూ ఏకి మా బొంతలో మాత్రం రాళ్ళు పెట్టుకుని పడుకునేవాడు, ఇక్కడికి రమ్మంటే ఆ దేశంలో పరుపులకు దూది ఉందా అని అడిగాడు, లేదన్నాను, మరి నేనొచ్చి ఏం చేసేదిరా అన్నాడు. టంగ్. రేపు పొద్దున ఇంట్లో ఏం చప్పుడుంటుంది? ఆమె మాట్లాడకపోయినా గిన్నెలతో తిట్టేది, తలుపులతో తిట్టేది, ఒక్కోసారి కుక్కర్ విజిలుతో తిట్టిందని కూడా నాకు అనుమానం. ఆమె అడిలైడ్ పోతే నేను ఎవరిమీద అలగాలి? ఫ్రిజ్ దానంతట అది మాట్లాడదు. పోవద్దు అని చెప్పొచ్చు. మూడే అక్షరాలు. ఎవరితో చెప్పాలి, డిక్కీతోనా? పోవద్దు, అని డిక్కీతో అంటే డిక్కీ ఎక్కడికీ పోదు, ఆమె పోతుంది. మొదట మాట్లాడినవాడు ఓడిపోయినట్టని ఎవరు పెట్టారో ఈ లెక్క. ఇద్దరం పెట్టుకున్నదే అయి ఉంటుంది. మా ఇద్దరికీ కలిసి కుదిరిన పని ఇదొక్కటేనేమో.

గాలం కర్ర కొనమీద ఏదో వాలింది.

కర్ర కాస్త వంగి ఊగింది. అరచెయ్యంత పిట్ట. వీపు నీలం, అంత నీలం రంగు గుడ్డ నా షాపులో ఎన్నడూ దొరకలేదు, పొట్ట పండిన నారింజ, కాళ్ళు కూడా అదే రంగు, చీరకు జాకెట్టు కలిసినట్టు. ముక్కు మాత్రం నా తోలు సూదంత పొడుగు. తల వంచి నీళ్ళవైపు చూస్తోంది. నా కర్రను కొమ్మనుకుంది, నన్ను రాయనుకుంది. అలా అనుకోవడానికి దానికి నేనెంత సాయం చేశానో నాకు తెలుసు, గంటసేపటి నుంచి కదల్లేదు, కదలకపోవడంలో నన్ను మించినవాడు లేడు, ఆ విద్య వల్లనే కదా కుర్చీ పోయింది. ఆమె అటు తిరిగి ఉంది. దిగువన ఒక ఎండు కొమ్మకేసి బైనాక్యులర్స్ పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా, ఆ పిట్ట కోసమే చూస్తోంది. పిట్ట నా దగ్గరుంది. అల్లా, నువ్వు పైనుంచి ఇదంతా చూస్తూ నవ్వుకుంటున్నావు కదా.

పిలవాలి. పిలిస్తే వీధి కేక వస్తుంది, పిట్ట లేచిపోతుంది. పిలవకపోతే పిట్ట తనంతట తనే లేచిపోతుంది, ఆమె దాన్ని చూడకుండా అడిలైడ్ పోతుంది, కార్లో షిఫాతో 'ఆ పిట్ట కూడా కనపడలే' అంటుంది. ఆ 'కూడా'లో నేనుంటాను. రాయి విసురుదామంటే చెయ్యి కదులుతుంది. ఫోన్ చేద్దామంటే ఇక్కడ సిగ్నల్ లేదు, ఉన్నా ఆమె ఫోన్ మోగితే ఏడూళ్ళ పిట్టలు లేస్తాయి. దగ్గుదామంటే, నా దగ్గు ఏంటో ఆమెకు తెలుసు, అది విని ఎన్నడూ తిరగలేదు. 'ఏమే' అందామా? పెళ్ళయినప్పటి నుంచి ఏమే అనే పిలుస్తున్నాను, ఏమే అంటే పని, ఏమే అంటే టీ, ఏమే అంటే నా కుర్చీ యాడ. ఆ పిలుపుకు కూడా ఇప్పుడు తిరగదు. ఇంతలో బెండు మునిగింది.

మునిగింది, పైకి తేలింది, మళ్ళీ మునిగింది. చేప. ఇంతసేపూ రాని చేప, పిట్ట వచ్చాకే రావాలని ముహూర్తం పెట్టుకున్న చేప. తీగ బిగిసింది, కర్ర కొన నీళ్ళవైపు వంగుతోంది, దానిమీద పిట్ట రెండు నారింజకాళ్ళతో గట్టిగా పట్టుకుని ఊగుతోంది, ఈ కొమ్మకు ఏమైందా అన్నట్టు నన్నొకసారి చూసింది. ఒక్క గుంజు గుంజితే చేప నాది. చేపలు పట్టడానికే వచ్చానని ఊరంతా కనబడేలా కర్ర కట్టుకొచ్చినవాణ్ణి. నా చేతులు గుంజలేదు. నా నోట్లోంచి ఏదో వచ్చింది, అది కేక కాదు, నాకు తెలిసిన నా గొంతూ కాదు, ఏకిన దూది పోగు గాలికి లేచినంత మెల్లగా.

'బానూ.'

నిఖా రోజు ఖాజీ గారు చదివినప్పుడు విన్నాను ఆ పేరు, తర్వాత ఇక్కడ ఆసుపత్రిలో చూపించే మెడికేర్ కార్డు మీద చూశాను. నా నోటితో అనడం ఇదే మొదలు. ఆమె తిరిగింది. ముందు నన్ను చూసింది. నేను కళ్ళతో కర్ర కొనను చూపించాను. చూసింది. బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకోలేదు, అవి అక్కర్లేనంత దగ్గర్లో పిట్ట వంగుతున్న కర్రమీద స్వారీ చేస్తోంది. ఆ ముఖం వచ్చింది. ఐస్‌పుల్ల ముఖం. కప్ప ఒకసారి టంగ్ అన్నది, మళ్ళీ అన్నది. అప్పుడు పిట్ట కర్రమీది నుంచి రాయిలా నీళ్ళలో పడి, ఒక చిన్న చేపతో లేచి, నీలిగీత గీసినట్టు ఏటి వంపులోకి పోయింది. నా చేప కూడా తీగను వదిలించుకుని పోయింది. ఖాళీ గాలం మిగిలింది.

'పిల్చినావా?' అన్నది. నాతోనే. స్టూల్‌తో కాదు, ఏటితో కాదు.

'పిట్టను పిల్చినా.'

'పిట్ట పేరు బానూనా?'

నేను ఏటివైపు చూశాను. ఆమె నవ్విందో లేదో చూడలేదు. గట్టుమీద కంకర చప్పుడైంది, షిఫా కారు. కారు దిగి, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని అరుచుకుంటూ వచ్చింది. 'మమ్! డాడ్! యూ గైజ్ ఆర్ స్టిల్ అలైవ్! ఓకే, బ్యాగ్ ఎక్కడ? ఐ హావ్ టు డ్రైవ్ ఆల్ ద వే బ్యాక్.'

'డిక్కీలో ఉంది' అన్నది వాళ్ళమ్మ, 'తీస్కో పో.' అని తను కదలలేదు, స్టూల్ మడవలేదు. నావైపు చూస్తూ నిలబడింది. షిఫా నా కారువైపు నడిచింది. డిక్కీ తెరుచుకున్న చప్పుడు విన్నాను.

రాతిలోంచి లేచాను. మోకాళ్ళు రెండూ టక్కుమన్నాయి, నడుం ఏదో అన్నది, వినలేదు. ఆ నల్లరాళ్ళమీద జారుతూ పాకుతూ గట్టెక్కి, కారు దగ్గరికి పోయి, షిఫా బయటికి లాగుతున్న పెట్టెను లోపలికి తోసి డిక్కీ మూసేశాను. దానితో ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి, గట్టుకింద ఉన్న మనిషితో, వీధి కేకతోనే అన్నాను, నాకున్నది అదొక్కటే మరి:

'బానూ, పోవద్దు!'

అవతలి గట్టునుంచి ఏవో తెల్లపిట్టలు గుంపుగా లేచి అరుచుకుంటూ పోయాయి. ఆమె అవి పోయినంతదూరం చూసింది, తర్వాత షిఫాతో అన్నది, 'చూడమ్మీ, మీ నాయన లేసినాడు. కుర్చీ పారేయకముందే ఇట్ల లేసింటే నాకీ పెట్టె సర్దే పని తప్పేది.'

'వెయిట్, సో యూ ఆర్ నాట్ కమింగ్?' అన్నది షిఫా, 'ఐ డ్రోవ్ ఆల్ మార్నింగ్ ఫర్ నథింగ్?'

'నథింగ్ ఏంది, చిత్రాన్నం తెచ్చినా. తినిపో. రేపు మేమిద్దరం మళ్ళా ఈడికి రావాల, ఆ పిట్ట సరిగ్గా చూడలే.' రేపు నన్నడగకుండానే ఖాయమైంది. అన్నం డబ్బా కోసం మళ్ళీ డిక్కీ తెరవాల్సింది నేనే అని ఆమె చూపు చెప్పింది, తెరిచాను. డబ్బా తీసుకుని గట్టు దిగేసరికి షిఫా నా రాతిలో కాళ్ళు చాపుకుని, వెనక్కి వాలి, చేతులు దిమ్మెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. 'ఓ మై గాడ్, డాడ్,' అన్నది, 'దిస్ రాక్ ఈజ్ సో కంఫీ.'

అంతే. నేను ఎందులోంచి లేచినా సరే, లేచిన మరుక్షణం అది ఇంకొకరిది. నిలబడే తిన్నాను. చిత్రాన్నంలో నిమ్మకాయ ఎక్కువైంది. ఆ మాట ఈసారి గిన్నెతో చెప్పలేదు, ఆమెతోనే చెప్పాను. ఆమె నేరుగా నన్నే తిట్టింది.